మూసిన కారు, లోపల పాప

మధ్యాహ్నం జరిగింది ఎక్కడైనా చెప్పుకోవాలి. బాబు పడుకున్నాడు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

పార్సిప్పనీలో ఇండియన్ స్టోర్ ముందు కారు ఆపి బాబుని దింపుతుంటే, పక్క కారు వెనక సీటులో ఒక పాప కనిపించింది. ఏడాది ఉంటుందేమో. తల పక్కకు వాలిపోయి ఉంది. ఇంజిన్ ఆపేసి ఉంది, అద్దాలన్నీ మూసి ఉన్నాయి. ఎండ మండిపోతోంది. అద్దం మీద గట్టిగా కొట్టాను. పాప కదల్లేదు. జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. తలుపులన్నీ లాగి చూశాను, రాలేదు.

ముందు అద్దానికి చిన్న వెంకటేశ్వరస్వామి బొమ్మ వేలాడుతోంది. మనవాళ్లే. అది చూశాకే రెండో భయం పట్టుకుంది. ఇక్కడ అమెరికాలో పిల్లని కారులో వదిలేస్తే పోలీసు కేసు. కేసంటే వీసాకే ఎసరు. స్పీడింగ్ టికెట్ వస్తేనే మా ఆయనకు నిద్ర పట్టదు.

ఫోన్ తీశాను. పక్కనే బియ్యం బస్తా కారులో పెడుతున్న పెద్దాయన వచ్చి తొంగిచూశాడు.

"911కి చెయ్యకమ్మా, పోలీసులొస్తారు. పాపం, వాళ్ల బతుకు రోడ్డున పడుతుంది. లోపల మైక్‌లో చెప్పిస్తా, రెండు నిమిషాలు ఆగు."

"ఈలోపు పాపకేమన్నా అయితేనో అంకుల్?"

"నీ ఇష్టం. పేరు మాత్రం చెప్పకు," అంటూ ఆయన లోపలికి పరుగెత్తాడు.

పాప ఛాతీ కదులుతోందో లేదో తెలియలేదు. 911 నొక్కేశాను.

ఫోన్‌లో ఆవిడ కారు రంగు, నంబరు అడిగింది. పాప ఊపిరి తీసుకుంటోందా అంది. తెలియట్లేదన్నాను. అద్దం పగలగొట్టడానికి ఏమైనా ఉందా అని అడుగుతుండగానే మైక్‌లో విని కాబోలు, ఒకతను పెరుగు డబ్బాతో స్టోర్‌లోంచి పరుగెత్తుకొచ్చి కారు తాళం తీశాడు. తలుపు తెరవగానే సెగ ముఖానికి కొట్టింది. అతను పాపని ఎత్తుకున్నాక ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత ఏడ్చింది.

"నిద్రపోతోందని లేపలేదండీ, లోపల లైన్ లేట్ అయింది... అక్కా, ఫోన్ కట్ చేసేయండి. రాంగ్ కార్ అని చెప్పండి ప్లీజ్. మా గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది," అన్నాడు.

పాప బయటికొచ్చిందా అని ఫోన్‌లో ఆవిడ మళ్లీ మళ్లీ అడుగుతోంది. పాప ఏడుపు మరీ సన్నగా ఉంది. ముఖం కందిపోయింది.

"బయటికి తీశారు. వాళ్ల నాన్న ఉన్నారు. కానీ ఒళ్లు కాలిపోతోంది, అంబులెన్స్ పంపండి," అన్నాను. అతను పాపని గుండెకు హత్తుకుని కారుకి ఆనుకుని నిలబడ్డాడు.

అంబులెన్స్‌లో పాపకి తడిగుడ్డలు చుట్టారు. ఆఫీసర్ అడిగితే నా పేరు, నంబరు చెప్పాను. పాప తండ్రి వినపడేంత దగ్గర్లోనే ఉన్నాడు.

"పాప బాగానే ఉందా?" అన్నారు మా ఆయన, ఇంటికి రాగానే.

"బాగానే ఉంటుందన్నారు. హాస్పిటల్‌కి తీసుకెళ్లారు."

"మరి వాళ్ల నాన్న?"

తెలియదు. ఫోన్ పక్కనే పెట్టుకున్నాను. పాప ఇంటికెళ్లిపోయిందని ఎవరైనా చెబితే బాగుండు. సాక్ష్యానికి రమ్మని మాత్రం ఎవరూ పిలవకూడదు. ఏ కబురుకైనా పోలీసుల దగ్గర ఉన్నది ఈ నంబరే.