మూడో మెట్టు

రాజ్యాలు ఎప్పుడు లేచాయో, ఎప్పుడు కూలాయో రాసిపెట్టిన మహానుభావులు ఎందరో ఉన్నారు. ఒక కరెంటు పనివాడు ఎంగిలి గిన్నెలు తోముతూ కూనిరాగం తీయడం ఏనాడు మొదలైందో రాసిపెట్టినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఆ లోటు ఆయన భార్య తీర్చింది. అది పెళ్లైన మొదటి వారం. మోచేతుల దాకా సబ్బు నురగతో ఆయన ఒక పాట ఎత్తుకున్నాడు.

"ఎవరిదండీ ఈ పాట?" అని ఆవిడ అడిగింది.

"నాదే. నీ కోసమే కట్టాను," అన్నాడాయన.

అక్కడితో ఆ ఇంట్లో శకం మారింది.

ఆవిడ దర్జీ. వీధి వైపు గదిలో ఒక మిషను, ఒక నిలువుటద్దం, ఒక ఎత్తుపీట. పెళ్లికూతుళ్ల బట్టలు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. సరిచూసేటప్పుడు పెళ్లికూతురు పీట ఎక్కి నిలబడాలి. ఒంటి నిండా గుండుసూదులుంటాయి కనుక కదలకూడదు. పారిపోయే వీల్లేని శ్రోత దొరకడం ఏ పండితుడికైనా పూర్వజన్మ సుకృతం. పెదాల మధ్య ఒక పక్క సూదులు బిగించి, రెండో పక్క నుంచి మాటలు వదులుతూ, ఆవిడ మొగుడి పాటకి అర్థం చెప్పేది. అందుకే అందరూ ఆవిడని పాటక్క అనేవారు. నగలా, అంతంత మాత్రం. ఇల్లా, అద్దెది. కానీ తన కోసమే కట్టిన పాట ఉన్న ఆడది ఆ వీధి మొత్తానికి తనొక్కతే.

పాట పెద్దదేం కాదు.

*నీలి తలుపు తీసి ఉంచు, మెట్లు ఎక్కి వస్తాను*
*మూడో మెట్టు కిర్రుమంటే ముందడుగే వేస్తాను*
*తెల్లపిల్లి అడ్డమొస్తే బుజ్జగించి దాటుతాను*
*పెళ్లంటే ఇంతే పిల్లా, పైకొచ్చి పక్కనుంటాను*

"నీలి తలుపంటే తలుపు కాదమ్మా, మనసు. ఆకాశమంత విశాలం అన్నమాట. మెట్లంటే ఏళ్లు. మొదటి రెండేళ్లూ మోజులో గడిచిపోతాయి. మూడో ఏట మొదలవుతుంది కిరకిర. అప్పుడు వెనక్కి తగ్గకూడదు."

"మరి పిల్లి, అక్కా?"

"అత్తగారు."

పీట మీద పకపకా నవ్వు. ఆ వెంటనే "అబ్బా!" సూది తన పని తాను చేసుకుపోయేది.

ఈ భాష్యం ఎంత గట్టిదంటే, మూడో ఏట ఆ దంపతులు నిజంగానే పోట్లాడుకున్నారు. పాటలో ఉంది కనుక తప్పదని, ఆవిడే శ్రద్ధగా కారణం వెతికి మరీ పోట్లాడింది. వాళ్ల ఇంటికి మెట్లు లేవు. పిల్లి వీధి చివర ఉన్నా ఆవిడకి తుమ్ములొస్తాయి. ఈ రెండూ పాటకి అడ్డు రాలేదు సరికదా, అర్థం ఎంత లోతుగా ఉందో చెప్పే సాక్ష్యాలయ్యాయి. ఆయన టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి వినేవాడు. "కదండీ?" అని ఆవిడ అడిగితే, "అంతే కదా" అని తల ఊపేవాడు.

ఒక మధ్యాహ్నం కొత్త పెళ్లికూతురు తల్లిని వెంటబెట్టుకొచ్చింది. పాఠం పిల్లి దాకా వచ్చింది. కుర్చీలో కూర్చున్న తల్లి కడుపు పట్టుకుని నవ్వింది.

"అత్తగారేంటమ్మా! అది మా బొద్దుగాడు!"

పాటక్క నోట్లో సూదులున్నాయి. "ఊఁ?" అని మాత్రం అనగలిగింది.

"మా పిల్లి అండీ. తెల్లగా, ఇంత లావు. ఎప్పుడూ మెట్లకి అడ్డంగా పడుకునేది. నీలి తలుపు మా పుట్టింటి మేడ మీదిది. కరెంటు వైర్లు వెయ్యడానికి ఒకబ్బాయి వచ్చాడు. రెండు రోజుల పనిని నెల సాగదీశాడు. మా అక్క కోసం కట్టాడు ఈ పాట! అక్క నవ్వేసి ఇంకొకరిని చేసుకుంది, పాపం. అవునూ, ఇది మీదాకా ఎలా వచ్చింది?"

పాటక్క నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీసి మిషను మీది చిన్న దిండుకి గుచ్చింది.

"ఎవరో పాడితే విన్నానండీ."

"మరి మూడో మెట్టేంటమ్మా?" అని కూతురు అడిగింది.

"ఏమోనే, గుర్తులేదు."

తలుపు పోయింది. పిల్లి పోయింది. ఆ ఒక్క మెట్టూ మిగిలింది. పాటక్క సాయంత్రం దాకా దాన్నే పట్టుకుని కూర్చుంది.

గిన్నెల వేళకి ఆయన యథాప్రకారం రాగం ఎత్తుకున్నాడు. ఆవిడ తుడుపుగుడ్డతో వచ్చి పక్కన నిలబడింది.

"ఏమండీ, బొద్దుగాడు గుర్తున్నాడా?"

ఆయన చేతిలో గిన్నె జారలేదు. జారి ఉంటే ఆవిడకి కాస్త ఊరటగా ఉండేది. కుళాయి మాత్రం కట్టేశాడు.

"ఎవరు చెప్పారు?"

"ఆ ఇంటి చిన్నమ్మాయి. కూతురి పెళ్లి బట్టలకొచ్చింది."

"పెద్దమ్మాయి ఎలా..." అని ఆయన సగంలో ఆగిపోయాడు. ఆవిడకి ఆ సగం చాలింది.

"నా కోసమే కట్టానన్నారు."

"కొత్త పెళ్లాం. అడిగావు. నోటికొచ్చింది అనేశాను."

"సరే, ఆ రోజు అనేశారు. ఇన్నేళ్లూ గుమ్మంలో నిలబడి తల ఊపారే! వచ్చిన ప్రతి పిల్లకీ పూస గుచ్చినట్టు చెప్పుకున్నాను. ఒక్కసారైనా ఆపాలనిపించలేదా?"

"నువ్వు చెప్తుంటే బాగుండేదే. నాకూ నిజమే అనిపించేది."

ఏ భాష్యకారుడికీ మెచ్చుకోలు ఇంత చేదుగా తగిలి ఉండదు. ఆవిడ పొడి కంచాన్నే మళ్లీ తుడిచింది.

"ఒక్కటి చెప్పండి. ఆ మూడో మెట్టు... అదైనా మూడో ఏడాదేనా?"

ఆయన చేతుల నురగ కడుక్కోబోయి కుళాయి తిప్పి, మళ్లీ కట్టేశాడు. అవునందామనే అనుకున్నట్టున్నాడు.

"చెక్క కుళ్లిపోయింది," అన్నాడు. "మార్పించమని వాళ్ల నాన్నకి చెప్పాను కూడా."