అటుదిటు సిలాస్ మాస్టారు

సిలాస్ మాస్టారికి ఉన్న జబ్బు ఒక్కటే: ఎడమదాన్ని కుడికీ, కుడిదాన్ని ఎడమకీ మార్చి చూడందే దేన్నీ నమ్మరు.

ఇంట్లో మంచం నెలకోసారి గోడ మారుతుంది. భార్య సంతోషకుమారి ఆస్పత్రిలో డ్యూటీ దిగి వచ్చి, నిద్రమత్తులో ఎన్నిసార్లు వట్టి నేల మీద కూలబడిందో ఆ తల్లికే తెలుసు. కాఫీ ఎలా ఉందని అడిగితే, కప్పు ఎడమ చేతిలోకి మార్చుకుని ఇంకో గుక్క తాగాకే జవాబు.

"కుడి చేత్తో బాగుంది. ఎడమ చేత్తోనూ బాగుంది. అంటే నిజంగానే బాగుంది!"

ఇలాంటి మనిషికి దేవుడు తగిన ఉద్యోగమే చూపించాడు. రెండు వేల అయిదులో షార్జాలోని ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో ఆయన పని ఇది: ఎలక్ట్రాన్, దాని ప్రతికణం పాజిట్రాన్ కలిసి కిరణాలుగా మారిపోయేటప్పుడు, ఆ కిరణాలు ఎడమకీ కుడికీ సమానంగా వెళుతున్నాయా లేదా అని చూడటం. విద్యుదయస్కాంత బలానికి అలాంటి పక్షపాతం లేదని లోకమంతా ఎప్పుడో తేల్చేసింది. "మనం అడిగామా?" అంటారు మాస్టారు.

ఆయనకి సహాయకురాలు హెప్సీ, రాజోలు పిల్ల. ఆ నెలాఖరుతో ఆమె వీసా అయిపోతుంది. సరిగ్గా అప్పుడే, బల్లకి రెండు పక్కలా పెట్టిన లెక్క యంత్రాల్లో ఎడమది కుడిదానికంటే ఎక్కువ కిరణాలు లెక్కపెట్టింది. కాలేజీ ముదీర్, అంటే డైరెక్టరు, మూర్తిగారు ఎగిరి గంతేశారు.

"ప్రకృతి తప్పు పట్టేశాం! పేపరువాళ్ళని పిలుస్తున్నా. హెప్సీ, నీ వీసా రెన్యువల్ అయిపోయినట్టే, ఖలాస్!"

"యంత్రాలు అటుదిటు మార్చి చూద్దామండి," అన్నారు మాస్టారు.

హెప్సీ ఆయనకి అడ్డు నిలబడింది. "మాస్టారూ, ఈ ఒక్కసారికీ వదిలేద్దురూ. మీకు దండం పెడతానండి."

ఆయన వింటేగా! యంత్రాలు మార్చారు. ఎక్కువ లెక్క ఎడమవైపే ఉండిపోయింది. మూర్తిగారు కేకు ఆర్డరిచ్చారు. మాస్టారు బల్లనే తిప్పేశారు. ఈసారి ఎక్కువ లెక్క బల్లకి కుడివైపు వచ్చింది. అంటే ఎప్పుడూ ఏసీ ఉన్న గోడవైపే! షార్జా ఎండకి జడిసి మూర్తిగారు కొత్తగా బిగించిన ఏసీ, ఒక పక్క యంత్రాన్నే చల్లబరిచి లెక్క చెడగొట్టింది.

అప్పటికే కేకు వచ్చేసింది. పేపరువాళ్ళూ వచ్చారు. తిని వెళ్ళారు.

పరువు పోయిన మూర్తిగారు హెప్సీ వీసా రద్దుకి కాగితం టైపు చేయించారు. "ముందే చూసుకోవద్దూ? యల్లా, కదులు, సామాను సర్దుకో!"

మాస్టారు ఆ కాగితం అందుకుని, హెప్సీ పేరు కొట్టేసి, తన పేరు రాసి, మళ్ళీ ఆయన ముందు పెట్టారు.

"ఏంటండీ ఇది?"

"పేరు మార్చి చూస్తున్నానండి. ల్యాబు నాది. ఏసీ కింద బల్ల ఉంచిందీ నేనే. సంతకం పెట్టండి. నా పేరుకి చెయ్యి ఆడక, ఆ పిల్ల పేరుకి ఆడిందా, అటుకో న్యాయం ఇటుకో న్యాయం ఉన్నది ప్రకృతిలో కాదండి, తమరి ఆఫీసులో."

మూర్తిగారు కలం మూత తీసి, మళ్ళీ పెట్టేశారు. ఈయన వెళ్ళిపోతే ఆ యంత్రాలు నడిపే దిక్కు లేదు. చివరికి కాగితం చింపేశారు.

"రెన్యువల్ కాగితం తెండి. ఖలాస్!"

బయటికొచ్చాక హెప్సీ కళ్ళు తుడుచుకుంది. "నిజంగానే సంతకం పెట్టేస్తారని భయం వెయ్యలేదా మాస్టారూ?"

"వెయ్యకేం? కాళ్ళు ఇంకా వణుకుతుంటేనూ," అని ఆయన కిందికి వంగి పరీక్షగా చూసుకున్నారు. "కుడిది కాస్త ఎక్కువ వణుకుతోందమ్మా. ఆగు, చెప్పులు మార్చి చూస్తాను."