సుగుణవ్వ వేసిన చింతగింజ

నిన్న పొద్దున ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్. "మదనపల్లె సుగుణవ్వ ఇక లేరు."

నేను నమ్మలేదు.

"ఎవరు చెప్పారు? చెప్పినవాళ్ళు చూశారా, విన్నారా?" అని టైప్ చేసి పంపేశాను. పంపాక అర్థమైంది, అది నా ప్రశ్న కాదు, సుగుణవ్వ ప్రశ్న.

ఆమె మనవడికి ఫోన్ చేశాను. నిజమే. నిద్రలోనే పోయిందట.

రాత్రి బస్సుకే మదనపల్లె బయలుదేరాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. సుగుణవ్వ మాకు చుట్టం కాదు. కుప్పంలో ఉండే మా అవ్వ మునెమ్మకు స్కూల్ ఫ్రెండ్. రిటైర్డ్ టీచర్. నేను మదనపల్లెలో డిగ్రీ చదివినన్నాళ్ళూ ఆదివారం భోజనం ఆమె ఇంట్లోనే.

అనుమానం ఆమె ఒంట్లోనే ఉంది. పాలాయన్ని అనుమానించేది. పేపర్లో వార్తను అనుమానించేది. చర్చికి కొత్త పాస్టర్ వస్తే అందరూ దండలు పట్టుకుని నిలబడ్డారు, ఈమె మాత్రం "నిన్ను ఈడికి ఎవురు పంపిచ్చిరప్పా? ఏల పంపిచ్చిరి?" అని అడిగింది.

టీవీలో కొత్త జడ్జి ఎవరైనా ప్రమాణం చేస్తుంటే చాలు, సౌండ్ పెంచమనేది.

"ఈయప్పను ఎవురు ఎంచిరి? ఎంచేముందర ఎవురైనా ఏమైనా అడిగిరా, లేదా?"

నాకు చిరాకేసేది. ఒకరోజు అడిగేశాను, ఎందుకవ్వా నీకింత డౌటు అని.

అప్పుడు చెప్పింది ఇది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. రాజ్యాంగం ఇంకా రాస్తున్నారు. మా అవ్వా, సుగుణవ్వా మదనపల్లెలో ఒక మిషన్ స్కూల్ హాస్టల్లో ఉన్నారు.

అప్పట్లో ఢిల్లీలో ఫెడరల్ కోర్టు అని ఉండేది. దాని జడ్జీలను లండన్‌లో ఉన్న రాజుగారి పేరు మీద వేసేవాళ్ళు. ఇకమీదట రాజు ఉండడు, మరి జడ్జిని ఎవరు వేయాలి? ఢిల్లీలో అదే చర్చ. హిస్టరీ టీచరమ్మ అదంతా పేపర్లో చదివి పిల్లలకు చెప్పేదట. అమెరికాలో ప్రెసిడెంట్ ఒక పేరు చెప్తే చాలదు, సెనేట్ అనే సభ కూడా ఒప్పుకోవాలి, అప్పుడే జడ్జి అని.

చెప్పి ఊరుకోలేదు. హాస్టల్లో ఆ పద్ధతే పెట్టించింది.

పిల్లల తగాదాలు తీర్చడానికి ఒక జడ్జి. పేరు వార్డెన్ చెప్పాలి. పిల్లలు ప్రశ్నలు అడగాలి. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి కుండలో గింజ వేయాలి. ఒప్పుకుంటే చింతగింజ. వద్దంటే ఆముదం గింజ.

మొట్టమొదటి కేసు మా అవ్వదే!

హాస్టల్లో ఒక పుంగనూరు ఆవు ఉండేది. ఉన్నట్టుండి పాలు తగ్గాయి. మా అవ్వ వాళ్ళది పశువులు మేపుకునే ఇల్లు. పిల్లల్లో పాలు పితకడం తెలిసింది ఆమెకొక్కదానికే. ఇంకేముంది, అందరి కళ్ళూ ఆమె మీదే.

దొంగ అని తేలితే ఇంటికి పంపేస్తారు. ఇంటికి పంపితే మళ్ళీ బడి మొహం చూసేది లేదు.

వార్డెన్ చెప్పిన పేరు గ్రేసు. పుంగనూరు అమ్మాయి. వార్డెన్‌కు సొంత అన్న కూతురు.

అత్త చెప్పినట్టే చేస్తుందని అందరి గుప్పిట్లోనూ ఆముదం గింజలే. సుగుణవ్వ గుప్పిట్లో కూడా. అయినా లేచి నిలబడి అడిగింది.

"మీ అత్త నీకేమైనా సెప్పి పంపిచ్చిందా?"

వార్డెన్ అక్కడే కుర్చీలో ఉంది. గ్రేసు తల వంచుకునే చెప్పింది.

"సెప్పింది. మునెమ్మను ఇంటికి పంపిచ్చేయమనింది."

"దానికి నువ్వేమంటివి?"

"ఏమీ అనలేదు. నేనింకా ఏమీ సూడలేదు కదా."

సుగుణవ్వ గింజ మార్చుకుంది. అందరూ చూస్తుండగా కుండలో చింతగింజ వేసింది. సుగుణే నన్ను ముంచేసింది అని మా అవ్వ వెక్కి వెక్కి ఏడ్చిందట. కానీ ఆమెను చూసి ఇంకొందరు మార్చుకున్నారు. గ్రేసు ఎలాగో గట్టెక్కింది.

జడ్జి కుర్చీలో కూర్చుని గ్రేసు అడిగింది ఒకటే. "మునెమ్మ పాలు పితికేది ఎవురు సూసినారు?"

వంటామె చూడలేదు. పిల్లలు చూడలేదు. వార్డెన్ కూడా చూడలేదు.

"అట్లయితే పంపేది లేదు," అనేసింది గ్రేసు, అత్త మొహం మీదే.

అసలు సంగతి తర్వాత బయటపడింది. దూడ మెడలో పలుపు వదులైపోయి, తెల్లవారేసరికి తాగాల్సింది తాగేసి, ఏమీ ఎరగనట్టు నిలబడేదట!

"మరి నువ్వు చింతగింజ ఎందుకేశావవ్వా?" అన్నాను.

"సెవిలో ఎవురు ఊదిరో నలుగుర్లో సెప్పేదాన్ని నమ్మచ్చప్పా. నాకెవురూ ఏమీ సెప్పలేదు అనేవాళ్ళతోనే నాకు బయం."

మా అవ్వ అక్కడే చదువుకుంది. నర్సయింది. మా అమ్మను చదివించింది. మా ఇంట్లో చదువంతా ఆ కుండలోనుంచి వచ్చిందే అని నాకనిపిస్తుంది.

ఇవాళ పొద్దున సుగుణవ్వను పడుకోబెట్టిన పెట్టె పక్కన నిలబడి కుప్పానికి ఫోన్ చేశాను. మా అవ్వ ఇప్పుడు నడవలేని మనిషి, రాలేకపోయింది.

"నువ్వు కండ్లారా సూస్తివా?" అంది మొదట.

"చూశానవ్వా. ఇక్కడే ఉన్నాను."

అప్పుడు అవ్వ ఒకటే కోరింది.

"దాని సేతిలో ఒక చింతగింజ పెట్టప్పా. ఆ పొద్దు కుండలో నన్ను గింజ ఏయనీలేదు. కేసు నాది కదా."

వంటింట్లోకి వెళ్ళాను. చింతపండు డబ్బాలో చెయ్యి పెట్టి వెతికాను. ఒక గింజ దొరికింది. కడిగి తుడిచి, ఆమె చేతిలో పెట్టి వేళ్ళు మూశాను.

పోయిరా సుగుణవ్వా. ఇక ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

నెమ్మదిగా పడుకో.