లోపలికి తిరిగిన పిట్టలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అగ్గిపెట్టె ఉండేది గానీ, పుల్ల గీసిన చప్పుడు నేను విన్నది తక్కువ. గూట్లో బైబిలు పక్కన దాన్ని గుడ్డలో చుట్టి పెట్టేది మా నాయనమ్మ. మా వైపు నాయనమ్మను జేజి అంటాం. పొయ్యి వెలిగించాల్సి వస్తే ఆమె నా చేతికి ఒక పిడక ముక్క ఇచ్చి, ఎవరింట్లో పొగ లేస్తుంటే వాళ్ళింటికి పంపేది. నిప్పు అడగాలి, పిడక అంటించుకోవాలి, ఆరిపోకుండా ఊదుకుంటూ ఇంటికి రావాలి. ఊళ్ళో అందరూ అవసరానికి ఎప్పుడో ఒకసారి చేసే పనే అది. మేం మాత్రం రోజూ చేసేవాళ్ళం.

ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రి పోయే దారికి కొంచెం లోపలగా, కాలువ పక్కన ఉన్న పల్లె మాది. అమ్మా నాయనా కూలికి పోతే నేను జేజి దగ్గరే పెరిగాను. జేజి పొదుపు సంగతి ఊరంతటికీ తెలుసు. అరిగిపోయిన సబ్బు ముక్కను పారేయకుండా కొత్త సబ్బుకు అంటించేది. వంట కాగానే కట్టెల మీద నీళ్ళు చల్లి, బొగ్గులు ఆరబెట్టి డబ్బాలో పోసేది. చినిగిన పంచెల్లోంచి దారాలు లాగి, ఉండ చుట్టి, ఆ దారంతోనే బొంతలు కుట్టేది. వీటిలో దేనికీ ఆమె సిగ్గుపడేది కాదు. సిగ్గుకు బదులు కొంచెం గర్వమే ఉండేది. ఎవరైనా నవ్వితే, నాది నేను దాచుకుంటే మీకేంది అని ఒక్క మాట అనేది, అంతటితో వాళ్ళ నవ్వు ఆగిపోయేది. ఆ సిగ్గంతా నేను మోసేదాన్ని. నిప్పు కోసం గడప ముందు నిలబడినప్పుడు లోపలి పిల్లలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవాళ్ళు. నేను పిడక వైపే చూస్తూ నిలబడేదాన్ని.

ఒక ఏడు వానల్లో ఊళ్ళోకి జ్వరాలు వచ్చాయి. ఆదివారం బడిలో నా ముందు వరుసలో కూర్చునే ఒక పిల్ల ఆ జ్వరంలో పోయింది. వాళ్ళు వెలుగోడు వైపు నుంచి వచ్చి మా పక్క వీధిలో కాపురం పెట్టినవాళ్ళు. తండ్రికి నంద్యాలలో పత్తి మిల్లులో పని, వారానికి ఒకసారి వచ్చిపోయేవాడు. తల్లికి ఆ పిల్ల తప్ప వేరే సంతానం లేదు. సమాధి దగ్గర కూడా ఆమె ఏడవలేదని, ఆ తర్వాత గుడికి గానీ చేనికి గానీ రాలేదని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. ఆ వీధిలోకి పోవద్దని మాకు చెప్పారు. ఎందుకని అడిగితే చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల ఆ వీధి మా పిల్లల లోకంలో ఇంకా చీకటి పడిపోయింది.

క్రిస్మస్ వచ్చింది. మా గుడిలో పిల్లలందరూ ఆ రోజు కొత్త బట్టలు కట్టేవాళ్ళు. నాకు ప్రతి ఏడూ అమ్మ పాత చీరలోంచి కుట్టిన గౌనే. ఆ ఏడు మాత్రం పండగ పొద్దున జేజి పెట్టె తెరిచి ఒక పావడ బయటికి తీసింది. లేత ఆకుపచ్చ రంగు, లోపల నాయన పంచె గుడ్డతో వేసిన అస్తరు, నడుముకు గట్టి నాడా. యాడిది జేజీ అంటే, కట్టుకోమన్నప్పుడు కట్టుకోమంది. గుడ్డ అంగట్లో కొన్నదే అనుకున్నాను. ఆ రోజు నేను గుడిలో ఎంత నిటారుగా నడిచానో నాకు ఇప్పటికీ జ్ఞాపకం. వెనక వరుసలో ఉండే పక్కింటి అక్క కూడా గుడ్డను వేళ్ళతో పట్టి చూసి బాగుందంది. కిటికీ వెలుగులో నిలబడ్డప్పుడు మాత్రం ఆ ఆకుపచ్చ కింద ఏవో తెల్లటి మచ్చలు, నీళ్ళ అడుగున కదిలినట్టు కనిపించాయి. అస్తరు మడతలేమో అనుకున్నాను.

పండగ అయ్యాక పత్తి ఏరే రోజులు. బడికి సెలవులు. అమ్మా నాయనా పొద్దున్నే చేలోకి పోయారు. ఒక మధ్యాహ్నం జేజి ఎసరు పెట్టబోతూ నాకు పిడక ముక్క ఇచ్చింది. పండగ పావడ మార్చుకుని పొమ్మంది. నేను వినలేదు. ఆ పావడ కట్టుకుంటే నిప్పు అడగడానికి కూడా సిగ్గనిపించదని నా ఆశ.

వీధిలోకి వచ్చాక ఎవరూ కనిపించలేదు. కూలికి పోగలిగిన వాళ్ళంతా పత్తి చేలల్లో ఉన్నారు. ఏ తలుపు చూసినా గొళ్ళెం పెట్టే ఉంది. గాలికి కొట్టుకొచ్చిన పత్తి పింజెలు కంపల మీద తెల్లగా వేలాడుతున్నాయి. ఎండ ఉంది, వేడి లేదు. నా కాళ్ళ కింద ఇసుక నలిగే చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఊరు ఊరంతా నేను వచ్చేదాకా మాట్లాడుకుంటూ ఉండి, నన్ను చూసి ఆపేసినట్టు ఉంది. మా వీధిలో ఒక్క మిద్దె మీదా పొగ లేదు. తిరిగి పోదామనుకునేంతలో పక్క వీధిలోంచి సన్నటి పొగ కనిపించింది. పోవద్దన్న వీధి అది. అయినా చేతిలో పిడక ఉంది. ఉత్త చేతులతో పోతే జేజి పుల్ల గీయాలి, గీసిన ప్రతి పుల్లకూ ఆమె మొహం ఎలా అవుతుందో నాకు తెలుసు. అందుకని పోయాను.

పొగ వస్తున్న ఇంటి తలుపు ఓరగా తెరిచి ఉంది. నేను గడప మీద నిలబడి, నిప్పు కావాలమ్మా అన్నాను. లోపల చీకటి. పొయ్యి ముందు కూర్చున్న మనిషి మెల్లగా తల తిప్పింది. నా వీపు మీద ఎండ పడుతోంది, పావడ గుండా వెలుగు లోపలికి పోతోంది. ఆమె నా మొహం చూడలేదు. పావడ వైపే చూసింది.

"వచ్చినావా పాపా," అంది.

ఎంత మామూలుగా అందంటే, నేను తెలియకుండానే ఊఁ అన్నాను. ఆమె లేచి వచ్చి నా చేయి పట్టుకుంది. పిడక కింద పడింది. నన్ను లోపలికి తీసుకుపోయి, అరచేయి నా నుదుటి మీద పెట్టి కొంచెం సేపు ఉంచింది. ఆ చేయి పొయ్యి దగ్గర ఉండి కూడా చల్లగా ఉంది.

"జ్వరం తగ్గిపోయింది," అంది. తర్వాత గది మూల వైపు తిరిగి, "నేను చెప్తానే ఉంటి గదా, వస్తాదని," అంది.

ఆ మూలలో ఎవరూ లేరు. నీళ్ళ కడవ ఉంది, దాని మీద మూత ఉంది.

నేల మీద రెండు కంచాలు పెట్టి ఉన్నాయి. చిన్న కంచంలో అన్నం అప్పటికే వడ్డించి ఉంది. పైన పప్పు తొరక కట్టింది. ఆమె రోజూ ఆ కంచం అలాగే పెడుతోందని నాకు ఎందుకో అర్థమైంది. ఆ కంచం ముందు నన్ను కూర్చోబెట్టింది. తినమంది. భయంతో తిన్నాను. గొంతులో ముద్ద దిగకపోతే వీపు మీద తట్టి నీళ్ళు ఇచ్చింది. నేను తింటుంటే వెనక కూర్చుని నా జడ విప్పి, దువ్వెనతో చిక్కు తీయడం మొదలుపెట్టింది. మా అమ్మ కూడా అంత నొప్పి లేకుండా ఎప్పుడూ దువ్వలేదు. అదే నాకు ఎక్కువ భయం. చేయి గట్టిగా ఉంటే విదిలించుకుని పరిగెత్తేదాన్నేమో. ఆ మెత్తదనం నన్ను కదలనివ్వలేదు. ఇంకొంచెం సేపు కూర్చుంటే నా పేరు నేను మరిచిపోతానేమో అనిపించింది.

జడ అల్లడం అయ్యాక ఆమె పావడ అంచు పట్టుకుని చూసింది. వేలితో తడిమి, అంచు కుట్టు ఒకచోట పుటుక్కున తెంపి, అస్తరు పక్కకు లాగి, గుడ్డ మడిచి లోపలి వైపు పైకి చేసింది. ముదురు ఆకుపచ్చ మీద వరసగా తెల్ల పిట్టలు.

"ఈ పిట్టల్ని లోపలికి ఎవురు తోసినారు పాపా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆదివారం బడిలో నా ముందు వరుస. చాప మీద పరుచుకున్న పావడ, పాట పాడుతూ నేను మనసులో లెక్కపెట్టుకునే తెల్ల పిట్టలు. ఆ పిల్ల పావడ నా ఒంటి మీద ఉంది. నా ఒళ్ళంతా ఒక్కసారిగా ఎవరో లోపలి నుంచి పట్టుకున్నట్టయింది.

ఎంత సేపయిందో తెలియదు. గడప దగ్గర నీడ పడింది. నిప్పుకు పోయిన పిల్ల ఎంతకూ రాకపోతే జేజి వెతుక్కుంటూ వచ్చింది. ఆమె కింద పడ్డ పిడకను చూసింది, నన్ను చూసింది, మడిచి ఉన్న పావడ అంచును చూసింది. ఆ యమ్మ జేజిని చూసి సంతోషంగా, మా పాప వచ్చింది పెద్దమ్మా అంది.

జేజి నన్ను లాక్కుని పోతుందని అనుకున్నాను. అలా చేయలేదు. లోపలికి వచ్చి ఆ యమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది. అవునని అబద్ధం చెప్పలేదు, కాదని గద్దించనూ లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. సమాధి రోజున ఆ పిల్ల మేనత్త ఒక బట్టల మూట జేజి చేతిలో పెట్టిందట. బిడ్డ గుడ్డలు కళ్ళ ముందు ఉంటే తల్లి కోలుకోదు, కాలువలో ఇడిసిపెట్టు అన్నదట. జేజి కాలువ దాకా పోయిందట. మూట విప్పి చూస్తే గట్టి గుడ్డ, ఇంకా వెలిసిపోని రంగు.

"ఇడిసేదానికి చేతులు రాలా నాకు. తీసకపోయి మనవరాలికి కుట్టినా. ఎవురూ గుర్తుపట్టకూడదని తిరగేసి కుట్టినా. ఇది నా మనవరాలు తల్లీ. నీ బిడ్డ కాదు."

ఆ యమ్మ చేయి నా జడ మీదే ఉంది. ఆ చేయి బిగుస్తుందేమోనని చూస్తున్నాను. అది బిగుసుకోలేదు. నెమ్మదిగా జారి ఆమె ఒళ్ళో పడింది. అప్పుడు అడిగింది.

"నా బిడ్డవి ఇంకా ఏమన్నా ఉండాయా నీ దగ్గర? ఈ ఇంట్లో ఒక్కటి గూడా మిగల్నీలేదు వాళ్ళు."

"అన్నీ ఉండాయి," అంది జేజి. "ఒక్క పోగు గూడా పారేయలా."

జేజి ఇంటికి పోయి మూట తెచ్చింది. నన్ను ఆ యమ్మకు తోడుగా అక్కడే ఉంచి పోయింది, ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. మూటలో రెండు జాకెట్లు, ఒక లంగా, తల రిబ్బన్లు, పావడ కత్తిరించగా మిగిలిన పీలికలు, విప్పేసిన పాత నాడా, చివరికి జాకెట్టు నుంచి ఊడిపోయిన హుక్కులు కూడా చిన్న గుడ్డలో ముడి వేసి ఉన్నాయి. మా జేజి కాక ఇంకెవరైనా అయితే ఆ పీలికలు ఏ పొయ్యిలోనో పోయేవి. ఆ యమ్మ జాకెట్లు ముట్టుకోలేదు. ఒక పీలిక తీసుకుని మొహానికి ఆనించుకుంది. అప్పుడు ఏడ్చింది. వానాకాలం నుంచి ఆగిన ఏడుపు అది. వినడానికి మనిషి గొంతులా లేదు. భూమిలోంచి వస్తున్నట్టు ఉంది. జేజి ఆమె తల తన భుజానికి ఆనించుకుని కూర్చుంది.

ఏడుపు తగ్గాక ఆ యమ్మ కొంగుతో మొహం తుడుచుకుని నన్ను చూసింది. మొదటిసారి నా మొహం చూసింది. "నీ పేరేంది?" అని అడిగింది. చెప్పాను. నా పేరు నాకు తిరిగి ఇచ్చినట్టు అనిపించింది.

నేను ఆ పావడ విప్పేస్తానన్నాను. జేజి కూడా తిరిగి ఇచ్చేస్తానంది. ఆ యమ్మ ఒప్పుకోలేదు. మిగిలినవి తన దగ్గర ఉంచుకుని, పావడ ఒక్కటి కుట్లన్నీ విప్పి, పిట్టలు పైకి వచ్చేలా మళ్ళీ కుట్టి పంపింది. నాకు దాన్ని ముట్టుకోవాలంటేనే వణుకు. బడికి కట్టుకుని పోతే అందరికీ తెలిసిపోతుంది, చచ్చిపోయిన పిల్లది అంటారు అని జేజి దగ్గర ఏడ్చాను.

"అంటారు," అంది జేజి. "అననీ మే. దాచుకునేదానికి నేనెప్పుడూ సిగ్గుపడలా అనుకుంటాంటి. తిరగేసి కుట్టినానంటే నాకూ సిగ్గున్నట్టే గదా. ఎవురిదో చెప్పకుండా కట్టించినా నీకు. అదీ తప్పు. పొదుపు కాదు తప్పు."

కట్టుకున్నాను. అన్నారు కూడా. కొందరు పిల్లలు నా పక్కన కూర్చోలేదు. ఎవరిదని అడిగినవాళ్ళకు నేను ఆ పిల్ల పేరు చెప్పేదాన్ని. పేరు చెప్పినప్పుడల్లా భయం కొంచెం తగ్గేది. బడికి పోయేటప్పుడు ఆ యమ్మ తన గడప దగ్గర నిలబడి చూసేది. పిలిచేది కాదు. వీధి మలుపు తిరిగేదాకా ఆ చూపు నా పావడ మీద ఉందని వెనక్కి చూడకుండానే తెలిసేది. కొన్నాళ్ళకు ఆమె చేనికి రావడం మొదలుపెట్టింది. మా అమ్మ పక్క సాలులోనే పత్తి ఏరేది. ఆ మధ్యాహ్నం ఆ యమ్మ గది మూలకు తిరిగి ఎవరితో మాట్లాడిందో నేను ఎవరినీ అడగలేదు. జేజి బతికి ఉండగా అడగాల్సింది అని ఇప్పుడు అనిపిస్తుంది. అడగకపోవడమే మంచిదయిందని కూడా అనిపిస్తుంది.

నంద్యాలలో ఇప్పుడు మా ఇంట్లో దేనికీ కొరత లేదు. అయినా నేను దేన్నీ చేతులారా పారేయలేను. బంధువులు, ఇరుగుపొరుగు వాడిన బట్టలు ఇస్తే సంతోషంగా తీసుకుంటాను, సరిచేసి మనవరాళ్ళకు కట్టిస్తాను. మా కోడలికి అది నామోషీ. వచ్చినవాళ్ళతో అంగట్లో కొన్నామని చెప్పబోతుంది. నేను పక్కనుంచి, కాదు, ఇది ఫలానా వాళ్ళమ్మాయిది అని చెప్పేస్తాను. ఎవరైనా మూట తెచ్చి నా చేతిలో పెడితే మొదట కూర్చోమంటాను, ఇవి ఎవరివి అని అడుగుతాను. వాళ్ళు ఆ మనిషి గురించి చెప్పడం పూర్తయ్యేదాకా మూట ముడి విప్పను.