బురదలో ఇద్దరం

నా కొడుకు చనిపోయాక ఏడాదిపాటు ఇల్లు కదల్లేదు. ఈ రోజు మళ్ళీ పొన్నూరు దగ్గర వరినాట్లకు వెళ్ళాను. వంగి నాటుతూ వెనక్కి అడుగేస్తుంటే కాలు కూరుకుపోయింది. ఆసరాకి పక్కనున్న మరియమ్మ వదిన చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం బురదలో కూలబడ్డాం.

ముఠా మేస్త్రి సుజాత వచ్చింది. "అరవై దాటినాయి, ఇంక నీ వల్ల కాదత్తా. గట్టు మీద కూర్చో, రేపట్నించి రావద్దు."

"వదిన కూడా పడిందిగా. ఇద్దర్నీ పంపెయ్" అన్నాను.

"నన్ను పడేసింది కాక పని కూడా పోగొడతావా?" అంది వదిన.

చేలో అందరూ నవ్వారు. మా వాడు పోయాక నేను అంతలా నవ్వడం ఇదే మొదటిసారి. లేచి నా వరస నేనే పూర్తి చేశాను.

సాయంత్రం సుజాత, "పొద్దున్నే రా అత్తా. మరియమ్మత్త పక్కన మాత్రం నిలబడకు" అంది.

నడుం నొప్పికి ఏం రాస్తే తగ్గుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి. రేపు వెళ్ళాలి.