అంజనంలో కనపడింది

అంజనం వేసే భద్రయ్య రోజూ పొద్దున్నే తిరువూరు బస్టాండులో గోనెపట్టా పరిచి కూర్చునేవాడు. తమలపాకు మీద కాటుక పూసి, కనుబొమలు ముడిచి అందులోకి చూస్తూ, తప్పిపోయిన గొడ్డు ఏ దిక్కున ఉందో, పిల్లకు పెళ్ళెప్పుడవుతుందో చెప్పేవాడు. అతని భార్య సామ్రాజ్యం బస్సు కోసం వచ్చినదానిలా జనంలో కూర్చుని, వాళ్ళను మాటల్లో పెట్టి, సంగతులు రాబట్టి ముందే అతనికి చేరవేసేది. పదకొండేళ్ళుగా ఇదే వాళ్ళ బతుకు.

డెబ్బై నాలుగు ఎండాకాలంలో వాళ్ళ పాపకు జ్వరం తలకెక్కింది. వెంటనే బెజవాడ తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. బస్టాండుకు రాగానే సామ్రాజ్యం పిల్లను ఒళ్ళో వేసుకుని పట్టా మీద చతికిలబడి, భర్త చేతికి ఆకు అందించింది.

"చూడయ్యా, పిల్ల బతుకుద్దా?"

భద్రయ్య నిర్ఘాంతపోయాడు. "నీకు తెలీదా ఏంటే? అంతా నువ్వు చెప్పిందేగా!"

"నేను చెప్పేది కొంచెమేగా. మిగతాది నీకు కనపడుద్ది గదా."

అతను ఆకు నలిపి పారేశాడు. "నాకేం కనపడదే! ఏనాడూ కనపడలేదు!" అని జనమంతా వినేలా అరిచి, పిల్లను భుజాన వేసుకుని బెజవాడ బస్సెక్కాడు.

సామ్రాజ్యం వెనకే ఎక్కి అతని పక్కన కూర్చుంది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అంత చెడ్డగా కనపడిందా?" అంది.