చావు తప్పిన వేషం

పోయిన శుక్రవారం సౌదీలో, అల్ ఖర్జ్ ఊళ్లోని మా రూములో భోజనాలయ్యాక మా కడప మామ ఫోను గోడకు ఆనించి తాను రోజూ చూసే ఇంగ్లీషు సీరియల్ పెట్టాడు. కాసేపు చూసి, "ఏమబ్బీ, ఈ తెల్ల ముసలాయన ఇంగా సావలేదా? మొదటి దినమే పోతాడనుకుంటి గదా!" అన్నాడు. "ఆయన చావు నా కళ్లముందే తప్పింది మామా," అన్నాను. మామ నమ్మలేదు. నేను చెప్పేవాటిలో సగం కోతలని ఆయన నమ్మకం. మిగతా సగం ఆయన వినడు.

కిందటేడాది ఆ సీరియల్ షూటింగువాళ్లు నా బండిని, బండితోపాటు నన్నూ అద్దెకు తీసుకున్నారు. రియాద్ దాటి ఎడారిలోకి, ఐర్లండు నుంచి వచ్చిన ఆ పెద్దాయన్ని తీసుకుపోవడం నా పని. నా ఇంగ్లీషు ఏడో తరగతి దగ్గరే బడి మానేసింది. అయినా పలకరించాలి కదా, "ఐర్లండంటే ఇంగ్లండులోనిదే కదా సార్?" అన్నాను. ఐర్లండువాళ్లకు ఆ మాట తిట్టుతో సమానమని నాకేం తెలుసు, పెట్రోలు బంకు వచ్చేదాకా ఆయన మొహం కిటికీవైపే తిప్పుకున్నాడు. నేను కొనిచ్చిన టీ తాగాక కోపం దిగి, తన నటజీవితమంతా చెప్పుకొచ్చాడు. సినిమాల్లో ఉరి వేశారట, టీవీలో కాల్చారట, సముద్రంలో ముంచారట. ఒక ఆసుపత్రి సీరియల్లో దుప్పటి కప్పిన శవం వేషమట, బయటికి కనిపించేవి పాదాలే. "మా ఆవిడ పాదాలు చూసి గుర్తుపట్టింది," అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "ఇవాళా చావే. చస్తే రేపు ఇంటికి విమానం. అక్కడ ఇక నన్ను వేషాలకు పిలిచేవాళ్లు లేరు," అన్నాడు.

గుడారంలో గావా, అదే అరబ్బీ కాఫీ, తాగి, కప్పు ఖాళీ అయ్యాక ఒక మాట చెప్పి, విషమెక్కి ఒరిగిపోవాలి. ఇదీ సీను. గావా పోయడానికి ఎడారి తెగకు చెందిన నిజమైన బదూ తాతనే తెచ్చారు. ఇక్కడ చాలనుకుంటే కప్పు కాస్త ఊపాలి, ఊపకపోతే పోస్తూనే ఉంటారు. పెద్దాయన ఊపలేదు. తాత పోశాడు. నిండు కప్పుతో చావలేక మళ్లీ తాగాడు, తాత మళ్లీ పోశాడు. డైరెక్టరు కట్ చెప్పేదాకా ఆగకూడదన్నది ఆయన వృత్తిధర్మం, అతిథి కప్పు ఖాళీగా ఉండకూడదన్నది తాత ధర్మం. కెమెరా తిరుగుతుంటే నేను నోరెత్తేదెట్లా? డైరెక్టరు కట్ చెప్పడం మరిచి పొట్ట పట్టుకుని నవ్వాడు. చివరికి, "ఈయన్ని చంపొద్దు, సీరియల్ చివరిదాకా ఉంచండి," అన్నాడు.

పెద్దాయన బండి దగ్గరికొచ్చి, "ఎందుకయ్యా అట్లా పోస్తూనే ఉన్నాడు?" అని అడిగాడు. సంగతి చెప్పాను.

"ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పుంటే ఈపాటికి మీరు చచ్చుండేవాళ్లు సార్!"

కథలో ఏళ్లు గడిచేకొద్దీ మేకప్ మనిషి ఆయన గడ్డానికి తెలుపు, నుదుటికి ముడతలు చేర్చేవాడు. ప్రతిసారీ పెద్దాయన బండి అద్దంలో చూసుకుని, ఇంకో ముడతంటే ఇంకొన్నాళ్లు పని అని మురిసిపోయేవాడు. వయసు మీద పడుతుంటే అందరం మొహం దాచుకుంటాం. దాన్ని జీతంలా కళ్లకద్దుకున్న మనిషిని నేను ఆయన్నొక్కణ్నే చూశాను.